లెక్క అడగని తీరం

మెక్సికో తూర్పు కొసన, కరీబియన్ సముద్రం ఒడ్డున ఉన్న కాన్‌కున్‌లో, పెద్దవాళ్ళకు మాత్రమే ప్రవేశం ఉన్న ఒక రిసార్టు చూడటానికి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను లోపలికి రానివ్వరు. గది, మూడు పూటల భోజనం, మద్యం, ఈతకొలను, ఒడ్డున పడక కుర్చీ, రాత్రి పాటకచేరీ అన్నీ ముందే కట్టిన సొమ్ములో కలిసి ఉంటాయి. కౌంటర్ దగ్గర ముంజేతికి ఒక బ్యాండు చుట్టి అంటిస్తారు. కత్తిరిస్తే తప్ప అది ఊడదు. అది చేతికి ఉన్నంతకాలం లోపల ఎక్కడా పర్సు తియ్యనక్కర్లేదు. ఆ రిసార్టు పేరుతో ఇక్కడ పనిలేదు. ఈ తీరం పొడవునా అలాంటివి డజన్లకొద్దీ ఉన్నాయి, నడిచే తీరు కూడా దాదాపు ఒకటే. వచ్చిన అతిథికి ఇక్కడ నిజంగా దొరికేదేమిటి, దాని బరువు ఎవరి మీద పడుతోంది అన్నది తెలుసుకోవాలనుకున్నాను. చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: తిండి, తాగుడు కన్నా ఇక్కడ అమ్ముడుపోతున్న అసలు సరుకు లెక్క చూసుకోవాల్సిన బాధ నుంచి విడుదల. అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మనం లోపల వదిలేసిన లెక్కను బయట కొందరు మోస్తున్నారు. వాళ్ళెవరో తెలుసుకుని నడుచుకోవడం అతిథి బాధ్యత.

ముందు ఆ మేలు సంగతి చెప్పాలి. 1950లో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం వాటర్‌పోలో ఆటగాడు స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ అనే విహార సంస్థను మొదలుపెట్టాడు. యుద్ధాన్నీ రేషన్ కార్డుల రోజుల్నీ దాటి వచ్చిన మనుషులకు పడక, భోజనం, ఆటలు ఒకే ధరకు ఇవ్వడం అప్పట్లో పెద్ద ఊరట. అయితే క్లబ్ మెడ్‌లో మద్యానికి విడిగా లెక్క ఉండేది, బార్ దగ్గర రంగు పూసలు ఇచ్చి కొనుక్కునేవారు. ఆ మిగిలిన లెక్కను కూడా తీసేసిన ఘనత కరీబియన్ హోటళ్ళది, ముఖ్యంగా 1970ల చివర, 1980ల మొదట్లో జమైకాలో వెలసిన వాటిది. కాన్‌కున్ ఆ పద్ధతిని అందిపుచ్చుకుని ఊరంత చేసింది. ఇక్కడి రెస్టారెంట్ మెనూలో కుడివైపు అంకెలు ఉండవు. మధ్యతరగతి ఇళ్ళలో పెరిగినవాళ్ళం మెనూను కుడివైపు నుంచే చదవడం అలవాటు చేసుకున్నాం. ముందు ధర, తర్వాత పదార్థం. ఇక్కడ చేప తెప్పించుకుని, నచ్చకపోతే పక్కన పెట్టి మరొకటి అడిగే మనిషి ముఖంలో ఒక తేలిక కనిపిస్తుంది. మొదటిరోజు పళ్ళెం నిండా వడ్డించుకున్నవాళ్ళే రెండు మూడు రోజులు గడిచేసరికి కాస్త బొప్పాయి, రెండు టోర్టియాలతో సరిపెట్టుకుంటున్నారు. కట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆత్రం తగ్గాకే అసలు సెలవు మొదలవుతున్నట్టు నాకు తోచింది.

డాలస్ నుంచి కాన్‌కున్‌కు విమానంలో మూడు గంటల లోపు ప్రయాణం. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్ళకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. అందుకే టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే తెలుగు దంపతులకు ఇది దగ్గరి చుట్టంలాంటి ఊరైంది. అయినా ‘పెద్దవాళ్ళకు మాత్రమే’ అన్న బోర్డు చూడగానే మనవాళ్ళలో చాలామందికి ఏదో చెప్పుకోకూడని వ్యవహారమన్న అనుమానం వస్తుంది. నేను చూసిన అతిథుల్లో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, నర్సులు, పాతికేళ్ళ పెళ్ళిరోజుకు వచ్చిన జంటలు, పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చిన తల్లిదండ్రులు. ఉదయం పదింటికి కొలను పక్కన నీడలో ముఖాన టోపీ వేసుకుని నిద్రపోతున్న తల్లులు కోరుకున్నది ఆ నిద్రే. పిల్లల్ని దూరం పెట్టడం పిల్లల మీద ద్వేషమనే వాదన ఒకటుంది. నేను ఒప్పుకోను. అదే తీరంలో పిల్లల కోసమే కట్టిన రిసార్టులు కావలసినన్ని ఉన్నాయి. ఎవరికి తలుపు మూస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగాల్సిందే. ‘జంటలకు మాత్రమే’ అన్న పేరుతో ఎదిగిన జమైకా సంస్థ శాండల్స్ ఒకే లింగానికి చెందిన జంటల్ని 2004 వరకూ రానివ్వలేదు. వయసు గీత వేరు, ఆ గీత వేరు. మన విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలోని తెలుగు దంపతులు నాలుగు రోజులు నిశ్చింతగా ఇక్కడ ఉంటున్నారంటే, చాలాసార్లు విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మ అక్కడ పిల్లల్ని చూసుకుంటూ ఉంటుంది. ఒకరి తీరిక వెనుక మరొకరి పని ఉంటుందన్నది ఇంటి గడప దగ్గరే మొదలవుతోంది.

పెళ్ళి భోజనంలోనూ అతిథి లెక్క చూసుకోడు. మారు వడ్డిస్తే వద్దనడు, ఎంతైందని అడగడు. కానీ ఆ పందిట్లో కూర్చున్న ప్రతివాడికీ ఖర్చు ఎవరు భరిస్తున్నారో తెలుసు. పెళ్ళికూతురి తండ్రి వంక చూసి, ఇంటికి వెళ్ళేముందు ఓ మాట చెప్పి, చదివింపులు చదివించి కదులుతాడు. రిసార్టులో లేనిది ఆ ఎరుక. భరించేవాడు ఎవరో కనిపించకుండా ఏర్పాటు ఉంది. తెల్లవారుజామున, అతిథులు లేవకముందే, ఒడ్డున ఒక పని జరుగుతుంది. సముద్రం రాత్రంతా తెచ్చి పోసిన గోధుమరంగు నాచును, సర్గాసమ్‌ను, దంతెలతో లాగి, తోపుడు బళ్ళకు ఎత్తి తీసుకుపోతారు. తడిసిన నాచు బరువు ఎక్కువ, అడుగున ఇసుక కూడా అంటుకుని వస్తుంది. అందుకే కొసలతో పైపైన దువ్వినట్టు లాగి, కుప్ప చేసి, నీళ్ళు ఓడిన తర్వాత ఎత్తుతారు. కుళ్ళడం మొదలైతే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి మురిగిన కోడిగుడ్ల వాసన వేస్తుంది, తలనొప్పి తెస్తుంది. ఎండ ఎక్కేసరికి ఒడ్డు తెల్లగా, ప్రకటనల్లో చూసినట్టే ఉంటుంది. అతిథి చూసేది ఆ తెలుపునే, దాన్ని తయారుచేసిన చేతుల్ని కాదు. 2025లో మెక్సికోలో చాలా రాష్ట్రాలకు వర్తించే రోజు కనీస వేతనం 278.80 పెసోలు, అంటే పదిహేను డాలర్లకు అటూ ఇటూ. హోటళ్ళలో చాలామందికి అంతకన్నా ఎక్కువే వస్తుంది, కానీ ఆ ఎక్కువలో పెద్ద భాగం టిప్పులదే. మెక్సికో కార్మిక చట్టం టిప్పును కార్మికుడి ఆదాయంలో భాగంగానే చూస్తుంది, యజమాని అందులో వాటా తీసుకోకూడదని స్పష్టంగా చెబుతుంది. ‘అన్నీ కలిపి కట్టేశాం’ అనుకునే అతిథి టిప్పు మానేస్తే కోత పడేది హోటల్ లాభంలో కాదు. గంటలకొద్దీ నిలబడి పనిచేసేవాళ్ళు మధ్యలో కూర్చోవడానికి కుర్చీ ఇవ్వాలన్న చట్టం 2025 జూన్‌లో గానీ అమల్లోకి రాలేదు. ఏడాదికి ఆరు రోజులుగా ఉన్న, జీతంతో కూడిన కనీస సెలవు పన్నెండు రోజులైంది 2023లోనే. మనం సెలవు గడుపుతున్న చోట పనిచేసేవాళ్ళ సెలవు అంత!

ఈ ఊరి పుట్టుక తెలిస్తే ఇది ఒకరి దుర్మార్గం వల్ల వచ్చిన స్థితి కాదని అర్థమవుతుంది. 1960ల చివర మెక్సికో కేంద్ర బ్యాంకు విదేశీ మారకం కోసం కొత్త విహార తీరాల్ని వెతికింది. కొబ్బరితోటలు, కొద్దిమంది జాలర్లు తప్ప ఏమీ లేని ఈ ఇసుక పట్టీని ఎంచుకుంది. 1970లో పనులు మొదలయ్యాయి, ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పు ఇచ్చింది, 1974లో తొలి హోటళ్ళు తెరిచారు. కాన్‌కున్ ఉన్న కింతానా రో ప్రాంతం రాష్ట్ర హోదా పొందింది కూడా ఆ ఏడే. నక్షాలోనే రెండు భాగాలు గీశారు: ఒకవైపు సముద్రం, మరోవైపు నిచుప్తే సరస్సు నడుమ హోటళ్ళ పట్టీ, లోపలి నేల మీద పనివాళ్ళ ఊరు. చియాపాస్, తబాస్కో, యుకతాన్ రాష్ట్రాల నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. 2020 జనాభా లెక్కల్లో కాన్‌కున్ ఉన్న మునిసిపాలిటీ జనం 9 లక్షలు దాటింది. ఆర్-1, ఆర్-2 బస్సుల్లో తెల్లవారగానే ఆ ఊరి నుంచి ఈ పట్టీకి జనం వస్తారు, రాత్రికి తిరిగిపోతారు. అతిథులు మాత్రం ఆ బస్సు ఎక్కరు. దానికి కారణం వాళ్ళ అహంకారం కాదు, ధర కట్టిన పద్ధతే. మూడు పూటల తిండికి ముందే డబ్బు చెల్లించినవాడు ఊళ్ళోకి వెళ్ళి భోజనం చేస్తే ఒకే పూటకు రెండుసార్లు కట్టినట్టవుతుంది. ఆ చిన్న లెక్క ఒక్కటే అతన్ని గేటు దాటనివ్వదు. లెక్క నుంచి విడుదల అమ్మిన రిసార్టు, అతిథి మనసులో ఆ ఒక్క లెక్కను మాత్రం మిగిల్చింది. దాని నష్టం ఊళ్ళో చిన్న హోటలు పెట్టుకున్నవాళ్ళకు.

సముద్రానిదీ అలాంటి కథే. మెక్సికో చట్టం ప్రకారం సముద్రతీరం ప్రజలది, ఎవరూ కొనుక్కోలేరు. అయినా హోటళ్ళు వరసగా నిలబడ్డాక ఇసుక దాకా వెళ్ళే దారులు తగ్గిపోయాయి. తీరానికి అడ్డుపడేవాళ్ళకు జరిమానా వెయ్యడానికి 2020లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. ప్లాయా దెల్ఫీనెస్ లాంటి బహిరంగ తీరాల్లో ఆదివారం స్థానిక కుటుంబాలు గొడుగులు పాతుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్నవి తింటూ కనిపిస్తాయి. రిసార్టు ముందర అదే ఇసుక మీద వాళ్ళు కనిపించరు. ఆ ఇసుక కూడా సహజంగా నిలిచింది కాదు. 2005 అక్టోబర్‌లో విల్మా తుఫాను తీరాన్ని కోసుకుపోతే, సముద్రగర్భం నుంచి ఇసుక తోడి మళ్ళీ పోశారు. కొన్నేళ్ళకే అది కరిగిపోయి ఇంకోసారి పొయ్యాల్సి వచ్చింది. 2009లో ఒక హోటల్ అక్రమంగా ఇసుక కూడబెట్టుకుందన్న ఆరోపణతో ఫెడరల్ అధికారులు నౌకాదళాన్ని వెంటబెట్టుకుని వచ్చి దాని ముందరి ఒడ్డును చుట్టుముట్టారు. ఇసుకదిబ్బలకు అడ్డంగా కట్టిన గోడలే ఆ కోతను పెంచుతాయి. ఇక కాన్‌కున్ ఉన్న యుకతాన్ ద్వీపకల్పం నేల సున్నపురాయి. పైన నదులుండవు, నీళ్ళన్నీ కింద పారతాయి. నేల మీద వదిలిన మురుగు రాతి సందుల్లోంచి దిగి, ఎంతో దూరం వెళ్ళకుండానే సముద్రంలో, ఆ పక్కనున్న పగడపు దిబ్బల్లో తేలుతుంది. గదిలో రోజుకు రెండుసార్లు తువాళ్ళు మార్పించుకోవడం ఉచితమే, బిల్లులో కనపడదు. నీటికి మాత్రం అది కనపడుతుంది.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఈ హోటళ్ళే లేకపోతే ఈ ఊరే లేదంటారు. నిజమే. అందుకే వెళ్ళొద్దని నేను అనడం లేదు. చియాపాస్ కొండల్లో పని దొరకని కుర్రాడికి ఇక్కడి ఉద్యోగం జీవితం నిలబెట్టేదే. కానీ ఉద్యోగం ఇవ్వడం వేరు, దాని బరువును అతిథి కంటపడకుండా దాచడం వేరు. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది తప్పనిసరి కాదు. అలిసిపోయి వచ్చినవాణ్ణి ఇంత ఆలోచించమనడం అన్యాయమని మరొకరంటారు. నేను అడుగుతున్నది నాలుగు రోజుల్లో ఒక పూట. బయట భద్రత లేదన్నది మూడో మాట, ఇది కొట్టిపారెయ్యదగ్గది కాదు. ముఠాల కాల్పులు ఈ రాష్ట్రంలోనూ జరిగాయి. అమెరికా విదేశాంగ శాఖ కింతానా రో విషయంలో అదనపు జాగ్రత్త చెబుతుంది, వెళ్ళొద్దని మాత్రం చెప్పదు. ఆ జాగ్రత్త ముఖ్యంగా చీకటి పడ్డాక ఊరి నడిబొడ్డున, వెలుతురు లేని వీధులకు సంబంధించింది. పట్టపగలు బస్సెక్కి మెర్కాదో 28 బజారుకు వెళ్ళడం, సాయంత్రం పార్కే దె లాస్ పలాపాస్‌లో పిల్లాపాపలతో తిరుగుతున్న జనం మధ్య మర్కెసీతా అనే చిరుతిండి కొనుక్కోవడం ఆ ఊరివాళ్ళు రోజూ చేసే పనే. శాకాహారులకు కష్టమన్న మాట కూడా వింటాం. రిసార్టులోనూ అదే కష్టం; ఉడికించిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు కలిపారేమో రెండు చోట్లా అడగాల్సిందే.

వెళ్ళేవాళ్ళకు చెప్పదలచుకున్నది ఇంతే. ఒక మధ్యాహ్నం భోజనం ఊళ్ళో చెయ్యండి, రెండుసార్లు కట్టినట్టయినా సరే. తువాళ్ళు రోజూ మార్చనక్కర్లేదని గదిలో చీటీ పెట్టండి. నాచు ఎక్కువగా కొట్టుకొచ్చే వసంతం, వేసవి నెలల్లో వెళ్తే ఒడ్డు తెల్లగా లేదని సిబ్బంది మీద విసుక్కోకండి. టిప్పు పెసోల్లోనే, చిన్న నోట్లుగా, ముందే మార్చుకుని ఉంచుకోండి. అమెరికా నాణేలు ఇవ్వకండి, అక్కడ మార్చుకోవడం వాళ్ళ వల్ల కాదు. గది శుభ్రం చేసే మనిషి రోజుకొకరు మారొచ్చు కాబట్టి, చివరిరోజు దాకా ఆగకుండా ఏ రోజుది ఆ రోజే దిండు మీద పెట్టండి.