టొమాలిస్ బేలో ఒక అమావాస్య

సముద్రానికి ఇంత దగ్గరగా కూర్చోవచ్చని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు! ఒడ్డున నిలబడితే సముద్రం ఎదురుగా ఉంటుంది. లాంచీ ఎక్కితే కింద ఉంటుంది. సీ కయాక్‌లో కూర్చుంటే చుట్టూ ఉంటుంది. సీటు నీటి మట్టానికి రవ్వంత దిగువనే ఉంటుంది కాబట్టి చెయ్యి వాల్చితే చాలు, వేళ్లు తడుస్తాయి. కెరటం వచ్చిందంటే ముందు తుంటికి తెలుస్తుంది, తర్వాతే కంటికి. సీల్ నీళ్లలోంచి తల పైకెత్తితే దాని కళ్లూ మన కళ్లూ ఇంచుమించు ఒకే ఎత్తులో కలుస్తాయి. గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్ని, పడవలు నాకు కొత్త కాదు. ఇది మాత్రం పూర్తిగా కొత్త. ఇంటికొచ్చి ఇన్నాళ్లయినా ఒంట్లోంచి ఆ ఊగు పోలేదు. పోకూడదనే ఉంది.

మేం వెళ్లింది టొమాలిస్ బేకి. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరంగా, పాయింట్ రేస్ నేషనల్ సీషోర్‌ని ఆనుకుని, సుమారు 25 కిలోమీటర్ల పొడవున నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. వెడల్పు కిలోమీటరున్నర, అటూ ఇటూగా. మ్యాపులో చూస్తే ఆశ్చర్యంగా తిన్నగా ఉంటుంది. ఆ తిన్నదనానికి కారణం దాని కిందుగా పోయే శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్. తూర్పు ఒడ్డు ఉత్తర అమెరికా ఫలకం మీద ఉంది, పడమటి ఒడ్డు పసిఫిక్ ఫలకం మీద. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగే చోట రాయి నలిగి, కోసుకుపోయి పల్లమైంది. ఆ పల్లంలోకి సముద్రం వచ్చి చేరింది. 1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కోని కూల్చిన భూకంపంలో ఈ పాయ తల దగ్గరున్న రోడ్డు ఒక్క ఊపులో సుమారు 20 అడుగులు పక్కకి జరిగింది. అలాంటి గీత మీదుగా మేం తెడ్డు వేసుకుంటూ పోయి, ఈ ఫలకం మీద బయల్దేరి ఆ ఫలకం మీద గుడారం వేసుకుని పడుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఆ సరదా అంతటికీ ముందు ఒక చదువుంది. దాని గురించి చెప్పకుండా నీళ్లలోకి తీసుకెళ్లలేను, ఎందుకంటే నన్ను సగం గెలుచుకున్నది ఆ చదువే.

మా కయాక్ క్లబ్బులో ఈ బసని నడిపించింది డెబ్బై దాటిన ఒక ఆవిడ. సన్నగా, పొట్టిగా ఉంటారు. గొంతు పెంచరు. ఆవిడ మొదట నేర్పిన సూత్రం: బట్టలు ఎండని చూసి వేసుకోకూడదు, నీళ్లని చూసి వేసుకోవాలి. ఉత్తర కాలిఫోర్నియా కోస్తాలో వేసవిలో కూడా సముద్రపు నీళ్లు 15 డిగ్రీల దగ్గరే ఉంటాయి. వాయవ్యం నుంచి వీచే గాలులు పైనీటిని ఒడ్డు నుంచి నడిసముద్రం వైపు నెట్టేస్తాయి, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. అందులో తేరుకునే లోపే వేళ్లు కొంకర్లు పోతాయి, ఊపిరి అదుపు తప్పుతుంది. అందుకే పైన ఎండ కాస్తున్నా ఒంటికి వెట్‌సూట్, మీద లైఫ్ జాకెట్, జేబులో విజిల్. ఒకరిద్దరి దగ్గర వీహెచ్‌ఎఫ్ రేడియో.

ఆ తర్వాత మమ్మల్ని ఒక చెరువులో బోల్తా కొట్టించారు. నిజంగానే! కయాక్‌లో కూర్చున్నాక నడుం చుట్టూ బిగుతైన రబ్బరు గుడ్డ ఒకటి పడవ అంచుకి తగిలిస్తారు, నీళ్లు లోపలికి రాకుండా. దాన్ని స్ప్రే స్కర్ట్ అంటారు. పడవ తిరగబడితే తల కిందికి, కాళ్లు పైకి, చుట్టూ ఆకుపచ్చటి మసక. అప్పుడు ముందుకి వంగాలి, ముందరి పట్టీని దొరకబుచ్చుకుని లాగాలి, దొర్లుకుంటూ బయటికి రావాలి. చదివితే భయం వేస్తుంది. చేస్తే కొద్ది క్షణాల పని. పైకి తేలేసరికి ఇంకో కయాక్ పక్కకొచ్చి సిద్ధంగా ఉంటుంది. వాళ్లు మన పడవ ముక్కుని తమ పడవ మీదకి ఎత్తి నీళ్లు వంచేస్తారు, మళ్లీ తిరగేస్తారు, రెండు పడవల్నీ జోడించి పట్టుకుంటారు, మనం వెనకనుంచి పాక్కుంటూ ఎక్కేస్తాం. అది ఒకసారి చేసి చూశాక సముద్రం మీదున్న నా భయం మొత్తం రూపు మార్చుకుంది. పడిపోతే ఏమవుతుందో తెలిసిపోయింది. తెలిసిన తర్వాత మనసు ఖాళీ అయి చుట్టూ చూడ్డం మొదలుపెడుతుంది. టొమాలిస్ బేలో నేను చూసినవన్నీ ఆ చెరువులో దొరికిన ధైర్యంతోనే చూశాను.

పడవ సర్దడం నాకు భలే నచ్చింది. పదహారు పదిహేడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కూడా లేని ఈ సన్నటి పడవలో ఒక రాత్రికి కావలసిన కాపురమంతా పడుతుంది. ముందొక అర, వెనకొక అర, రెంటికీ నీళ్లు దూరని మూతలు. ఆ అరలే గాలిగదులు, మధ్యభాగం నీళ్లతో నిండినా పడవ మునగనివ్వవు. బరువైనవి నడిమికి దగ్గరగా, అడుగున. తేలికవి కొసలకి. అక్కడి బీచ్‌లలో మంచినీళ్లు దొరకవు కాబట్టి ప్రతి చుక్కా మోసుకెళ్లాలి. మరుగుదొడ్లు లేని చోట మలాన్ని సంచిలో కట్టి వెనక్కి తెచ్చేయాలి, అది పార్కు నియమం. ఈ నియమం విన్నప్పుడు నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. ఆ ఇసుక అంత శుభ్రంగా ఎందుకుందో అక్కడికి వెళ్లాక అర్థమైంది.

మధ్యాహ్నం గాలి లేవకముందే, తూర్పు ఒడ్డున మిల్లర్ రేవు నుంచి దిగాం. తెడ్డు చేతులతో వేసేది కాదని అక్కడే ఒంటికి ఎక్కింది. నడుం తిప్పాలి, తెడ్డు వేసిన వైపు పాదంతో తన్ని పట్టాలి, చేతులు ఊరికే వెంట వస్తాయి. ఆ లయ కుదిరిన క్షణం పడవ నీళ్ల మీద జారడం మొదలైంది. మోటారు లేదు, చప్పుడు లేదు, పొగ లేదు. నా ఊపిరి, తెడ్డు కొస నుంచి రాలే చుక్కలు, అంతే వినపడుతున్నాయి. హాగ్ ఐలండ్ దగ్గర హార్బర్ సీల్స్ ఒడ్డెక్కి పడుకుని ఉన్నాయి. వాటి నిద్ర చెడగొట్టకూడదని బాగా ఎడంగా తిప్పి తీసుకెళ్లారు. అయినా ఒకటి మా వెనకాలే వచ్చింది! కాసేపు కుడిపక్క తేలుతుంది, మునుగుతుంది, ఎడమపక్క లేస్తుంది. దాని మీసాల మీద నీటి బొట్లు కనిపించేంత దగ్గరగా వచ్చింది.

ఈ తీరానికి కయాక్ కొత్త కాదని దారిలో మమ్మల్ని నడిపిస్తున్న ఆవిడే చెప్పారు. 1812లో రష్యన్లు ఇక్కడికి ఉత్తరాన ఫోర్ట్ రాస్ కట్టుకున్నారు. సముద్రపు ఓటర్ల వేటకి అలాస్కా ఆదివాసుల్ని వెంట తెచ్చారు. చెక్క చట్రానికి సముద్ర జంతువుల తోలు కుట్టిన కయాక్‌లు వాళ్లతో పాటు ఈ నీళ్లలోకి వచ్చాయి. బలవంతపు వేట అది. దాని వల్ల ఈ కోస్తాలో ఓటర్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకు ముందు వేల ఏళ్లుగా ఈ పాయ కోస్ట్ మీవాక్ ప్రజలది. వాళ్లు తుంగ కట్టలు బిగించి పడవలు చేసుకునేవాళ్లు. ప్లాస్టిక్ కయాక్‌లో కూర్చుని ఈ మాటలు వింటుంటే నా కింద నీళ్లు హఠాత్తుగా లోతైనట్టు అనిపించింది.

పడమటి ఒడ్డున కొండచరియ కింద ఒక చిన్న బీచ్. కారు రాదు, నీళ్ల మీదుగా వచ్చినవాళ్లదే ఆ చోటు. గుడారాలు ఎక్కడ వేయాలన్నది అక్కడ పెద్ద చర్చ. చీకట్లో కదిపితే వెలిగే నీళ్లని చూడాలంటే అమావాస్య కావాలి, అమావాస్య అంటే పోటు ఎక్కువ. ఇసుక వెడల్పేమో తక్కువ. అందుకని అంతకు ముందటి పోటు వదిలి వెళ్లిన నాచు గీతని చూసి, దానికి బాగా పైన గుడారాలు వేశాం, పడవల్ని కూడా అక్కడిదాకా మోసి కట్టేశాం. రకూన్లు వచ్చి తిండి ఎత్తుకుపోతాయట, కాబట్టి ఆహారం మొత్తం పడవ అరల్లోనే.

నేను తీసుకెళ్లింది చింతపండు పులిహోర. ఫ్రిజ్ అక్కర్లేదు, వేడి చెయ్యక్కర్లేదు, గుప్పెడు తిన్నా రాత్రంతా ఆకలెయ్యదు. కయాక్ క్యాంపింగ్‌కి ఇంతకు మించిన వంట లేదని ఘంటాపథంగా చెబుతాను. మిగతావాళ్లు నీళ్లు కాచి పొడి ఆహారం పొట్లాలు నానబెట్టుకుంటుంటే నా డబ్బా చేతులు మారుతూ పోయి ఖాళీగా తిరిగొచ్చింది.

చీకటి పడ్డాక ఎవరూ గుడారాల్లోకి వెళ్లలేదు. పాలపుంత ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదకి పరుచుకుంది. ఫ్రీమాంట్‌లో మా ఇంటి మీద అది ఏనాడూ కనపడలేదు. వెలుగు పూర్తిగా పోయేదాకా ఆగి, పడవ వెనక ఒక చిన్న దీపం మాత్రం పెట్టుకుని, మళ్లీ నీళ్లలోకి దిగాం. మాతో తిరుపతి కుర్రాడొకడున్నాడు. క్లబ్బులో నాకంటే సీనియరు. పక్కకొచ్చి, "అక్కా, హెడ్‌ల్యాంప్ ఆపెయ్యండి. చెయ్యి నీళ్లలో పెట్టండి" అన్నాడు.

పెట్టాను.

నా వేళ్లు వెలిగాయి! నీలం, దానిలో రవ్వంత ఆకుపచ్చ, చల్లటి వెలుగు. చెయ్యి కదిపితే మణికట్టు చుట్టూ చుక్కలు గిర్రున తిరిగాయి. పైకి తీస్తే అరచేతిలో రెండు మూడు మెరిసి ఆరిపోయాయి. తెడ్డు వేశాను. దీపావళినాడు మతాబు వెలిగించి ఊపినట్టు, తెడ్డు వెళ్లిన దారంతా వెలుగు చిమ్మింది. రాలిన ప్రతి బొట్టూ పడ్డచోట ఒక చిన్న వలయం వెలిగింది. పడవ ముక్కు నీళ్లని చీలుస్తూ రెండు వైపులా రెండు కాంతి రేఖలు తీసింది. ముందు పోతున్నవాళ్లు నాకు కనపడటం లేదు, వాళ్ల తెడ్లు వెలిగిస్తున్న నీళ్లు కనపడుతున్నాయి. ఉన్నట్టుండి పడవ కింద వెలుగు పేలింది. చేపల గుంపు ఒకటి బెదిరి చెల్లాచెదురైంది. ఒక్కో చేపా తన వెనక ఒక గీత గీసుకుంటూ పోయింది. నేను గట్టిగా అరిచాను. అందరూ అరుస్తూనే ఉన్నారు. ఎన్నోసార్లు చూసిన ఆ డెబ్బై దాటిన ఆవిడ కూడా అరుస్తున్నారు!

ఆ వెలుగు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులది. నీళ్లు కదిలి వాటి పొర మీద ఒత్తిడి పడగానే లోపల ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది, కణంలో ఆమ్లత మారుతుంది, లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి వెలుగవుతుంది. ఒక్కో మెరుపు సెకనులో పదో వంతు. వాటిలో ఉన్న గడియారం పగలు ఆ వెలుగుని ఆపేసి రాత్రికే దాచిపెడుతుంది. తమని తినడానికి వచ్చిన చిన్న జీవిని బెదరగొట్టడానికో, లేదా ఆ జీవిని తినే పెద్ద చేపకి దాని జాడ చూపించడానికో ఇలా మెరుస్తాయని శాస్త్రవేత్తలు అంటారు. నన్ను ముంచెత్తిన సంగతి ఇంకొకటి. మేం వెట్‌సూట్‌లు వేసుకునేలా చేసిన ఆ అడుగునీటి చలి ఉంది చూశారూ, అదే నీరు పోషకాల్ని కూడా పైకి తెచ్చి ఈ తీరమంతా ఇలాంటి సూక్ష్మజీవుల్ని పెంచుతుంది. వణికించేదీ వెలిగించేదీ ఒకే నీరు.

తెల్లవారుజామున మంచు దట్టంగా దిగింది. పైన కొండల్లో ఎక్కడో మగ ఎల్క్ జింక అరిచింది, సన్నగా మొదలై ఈలలా సాగే అరుపు. ఈ జాతి ఇక్కడ పూర్తిగా అంతరించిపోతే, 1978లో 10 జంతువుల్ని తెచ్చి టొమాలిస్ పాయింట్ దగ్గర వదిలారు. వాటి సంతతి ఇది. కాఫీ తాగి, ఇసుకలో మా జాడ ఏమీ మిగలకుండా ఏరుకుని, గాలి లేవకముందే వెనక్కి వచ్చేశాం.

ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రమోన్‌లలో ఎన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయో! శని, ఆదివారాల్లో ఎక్కడికెళ్లాలని అడిగితే నా దగ్గర ఇప్పుడు ఒకటే జవాబు. పడవ కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతుంది. బలం అక్కర్లేదు, మా క్లబ్బులో తెల్లజుట్టు వాళ్లే ఎక్కువ. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. క్లబ్బులో చేరండి, బోల్తా కొట్టి లేవడం నేర్చుకోండి, పాయ మూతి దగ్గర పాటుకీ కెరటాలకీ పడే ఢీ చాలా ప్రమాదం కాబట్టి ఆ వైపు పోవద్దు, వేసవి చివర్లో అమావాస్య ఎప్పుడొస్తుందో పంచాంగం చూడండి. మన ఇళ్లలో పంచాంగం ఎలాగూ ఉంటుంది.

నేను ఈత కొలనులో రోల్ నేర్పే తరగతికి పేరిచ్చాను. తిరగబడ్డ పడవలోంచి బయటికి రాకుండానే నడుం విసురుతో పైకి లేవడం అది. మావారికి ఈత సరిగా రాదు, ముందు అది నేర్చుకోవాలని ఆయన్నీ ఈత తరగతిలో చేర్పించాను. వచ్చే ఏడాది డబల్ కయాక్ తీసుకుంటాం, ముందు సీటు ఆయనది.