బూస్టర్ పైనే ఉండాలి

సిగ్నల్ అందట్లేదు అనగానే బూస్టర్ కొనమంటారు. ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పరు. పక్కింటి అబ్బాయి మొన్న వైఫై బొత్తిగా రాని గదిలోకే బూస్టర్ తీసుకెళ్లి తగిలించాడు. రానిదాన్ని అది పెంచేదెట్లా? నాకు ఒళ్లు మండింది. దూరదర్శన్ రోజుల్లో మా సూళ్లూరుపేటలోనూ ఇదే తంతు.

మాకు హైదరాబాదు ఎక్కడో దూరం. మద్రాసు 80 కిలోమీటర్ల పైచిలుకు. 1975లో అక్కడ టీవీ కేంద్రం మొదలయ్యాక మావాళ్ల యాంటెనాలన్నీ దక్షిణానికే తిరిగాయి. భూమి వంపు అడ్డమొస్తుంది గనక ఎత్తు కావాలి. మేడ మీద ఇనప గొట్టం, దాని కొసన అల్యూమినియం కడ్డీలు. 1920లలో జపాన్‌లో ఉదా, యాగి రూపొందించిన ఆ వరసని చూస్తే నాకిప్పటికీ ముచ్చటే. వైరు తగిలించేది ఒక్క కడ్డీకే. వెనకది తరంగాన్ని ముందుకి మళ్లిస్తుంది, ముందువి దాన్ని పోగుచేసి అందిస్తాయి. 60 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 5 మీటర్లు, కడ్డీ అందులో సుమారు సగం. ఒక్క యూనిట్ కరెంటు ఖర్చు లేకుండా ఇంత పని!

దీన్ని సరిగ్గా నిలబెట్టకుండా కొట్టువాళ్లు టీవీ పక్కన బూస్టర్ అంటగట్టేవాళ్లు. సిగ్నల్ పైనుంచి దిగేలోపే కేబుల్లో సగం హరించుకుపోతుంది. మిగిలిన కాస్తనీ, దాంతోపాటు తెర మీద కనబడే చుక్కల్నీ బూస్టర్ సమానంగా పెంచుతుంది, తన గోలా కొంత కలుపుతుంది. అదే యాంటెనా దగ్గర, గొట్టం పైన కడితే, సిగ్నల్ బలంగా ఉండగానే పెరిగి కిందికి దిగుతుంది. దానికి కావాల్సిన కరెంటు అదే కేబుల్లో పైకి పంపొచ్చు. మా మామ ఈ మాట ఎంత చెప్పినా కొట్టాయన వినలేదు. చివరికి మామే గొట్టమెక్కి కట్టాడు. ఎంత శుభ్రమైన బొమ్మ వచ్చిందో!

ఆ బొమ్మలోనే శుక్రవారం సాయంత్రం 'ఒళియుమ్ ఒలియుమ్' చూసేవాళ్లం, అన్నీ తమిళ సినిమా పాటలే. మా అత్తకి తమిళం అబ్బింది ఆ పాటల వల్లే. మద్రాసు పాండీబజారులో చీర బేరానికి కొట్టువాళ్లు చక్కటి తెలుగులో పలకరించినా, ఆవిడ మాత్రం తమిళం వదిలేది కాదు. మామ కూడా పక్కన నిలబడి ఎంతో గర్వంగా వినేవాడు.