బెండ మడికాడ తీర్పు

విత్తనాల అంగట్లో బెండ ప్యాకెట్టు ఏ కంపెనీదైనా పైన బొమ్మ ఒకేలా ఉంటుంది. జానెడు కాయ, పచ్చగా, మచ్చ లేకుండా. వెనకవైపు చిన్న అక్షరాల్లో మొలకశాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. బెండకు కనీసం 65 శాతం, టమాటకూ వంగకూ 70 శాతం మొలవాలని ప్రభుత్వ ప్రమాణం. ఈ అంకెలు చదవడం వస్తే సగం మోసం తప్పుతుందని మేము ఐదో తరగతిలోనే పిల్లలకు చెబుతాం. మిగతా సగం ప్యాకెట్టు మీద రాయరు. ఆ రకాన్ని ఏ నేలలో, ఎన్ని నీళ్ళు పెట్టి పరీక్షించారు? చూసి బాగుందన్నది ఎవరు? ఆ సంగతులు అడిగేవాళ్ళూ తక్కువే.

మేము సుగాలీలం. బి.తాండ్రపాడు డైట్‌లో ట్రైనింగు అయ్యాక కర్నూలు పడమటి వైపు తండా బళ్ళలోనే పంతులు పని చేస్తూ వచ్చాం. పత్తికొండ, తుగ్గలి, దేవనకొండ దిక్కు నేల ఎర్ర గరుసు. జిల్లా వర్షపాతం ఏడాదికి 670 మిల్లీమీటర్ల దరిదాపు అని పుస్తకంలో ఉంటుంది. లెక్కకు బాగానే ఉంది గానీ, అది నాలుగు రోజులు పడి నలభై రోజులు ముఖం చాటేసే వాన. తొలకరి పడితే మా దిక్కు జనం జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి వంగి వెతుకుతారు. అంత ఓపికతో విత్తనాన్ని చూసే కళ్ళు ఎన్నున్నాయి అని మాకు ఎప్పుడూ అనుమానమే.

అట్లని తండాకు పరీక్ష చేయడం రాదనుకోవద్దు. శ్రావణంలో తీజ్ పండగకు పెళ్ళికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలక దట్టంగా, ఏపుగా వస్తే మంచిదని పెద్దలు మురుస్తారు. పలచగా వస్తే గింజను చేతిలోకి తీసుకొని చూస్తారు. విత్తన పరీక్షా కేంద్రంలో నాలుగువందల గింజల్ని వందేసి చొప్పున నాలుగు భాగాలు చేసి మొలకెత్తిస్తారు. మా పిల్లలకు ఆ పాఠం చెప్పినప్పుడు వాళ్ళకు కొత్తగా అనిపించింది లెక్క ఒక్కటే. మొలక కోసం కాచుకొని కూర్చోవడం వాళ్ళకు పుట్టుకతో తెలుసు.

మొలిచినంత మాత్రాన పని అయిపోదు. కొన్నేళ్ళ కింద మా దగ్గరి తండాలో ఒకాయన రెండెకరాల్లో కొత్త టమాట రకం పెట్టినాడు. చెట్టు నడుము ఎత్తు పెరిగింది, పూత వచ్చింది, కాయ నిలబడలేదు. విత్తనం అమ్మినాయన ఎండ ఎక్కువైందన్నాడు. చూడడానికి వచ్చినవాళ్ళు ఒక ప్రశ్న అడిగినారు: ఇదే చేలో, ఇదే నీళ్ళతో, ఇదే తేదీన ఇంకో రకం నాటినావా? నాటలేదు. ఎవరు నాటుతారు? పోల్చడానికి ఏమీ లేదు కాబట్టి తప్పు విత్తనానిదో ఎండదో తేలలేదు. ఆ ఏడు ఆ ఇంటివాళ్ళు దీపావళికి ముందే మూటలు కట్టుకొని గుంటూరు దిక్కు పోయినారు.

ఇట్లాంటి తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. జాతీయ విత్తన సంస్థ మీద మన రాష్ట్ర రైతులు వేసిన కేసులో 2012లో తీర్పు వచ్చింది. రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి పోవచ్చు, కొన్న విత్తనంలో కొంత దాచిపెట్టి పరీక్షకు తెమ్మని రైతును అడగడం కుదరదు అని కోర్టు చెప్పింది. గొప్ప తీర్పే. కానీ తండా నుంచి ఫోరం దాకా దోవ ఖర్చుంది, కూలి పోతుంది. పక్కన ఒక్క సాలు వేరే రకం ఉంటే వచ్చినవాళ్ళు దాన్ని చూడకుండా పోలేరు. బడి ఆవరణలో బెండ మళ్ళు వేయాలన్న ఆలోచన మాకు అక్కడ పుట్టింది. 2019లో కేంద్రం బడితోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎట్లాగూ తోట పెట్టాలి, పరీక్షగానే పెడదాం అనుకున్నాం.

పెద్దవాళ్ళు ఈ పని ఎట్లా చేస్తారో ముందు చదివినాం. కూరగాయల మీద అఖిల భారత సమన్వయ పథకం 1970-71లో మొదలైంది. ఇప్పుడు వారణాసి నుంచి నడుస్తుంది. కొత్త రకాన్ని దేశంలో అనేక చోట్ల, ఏళ్ళ తరబడి, పేరున్న పాత రకం పక్కన పెట్టి చూస్తారు. ఆ పాతదాన్ని ‘చెక్’ అంటారు. కొత్తవాటికి పేరుండదు, కోడ్ ఉంటుంది. ఎవరి బిడ్డో తెలిస్తే మార్కులు మారతాయి కదా! ఒక్కో రకాన్ని ఒకే చోట కాక మూడు నాలుగు చోట్ల వేస్తారు, ఏది ఎక్కడ రావాలో చీటీ తీస్తారు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ కేంద్రంలో ఫిషర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1920లలో ఈ పద్ధతిని నిలబెట్టినాడు. ఒక మూల నేల బలం, ఒక మూల తేమ. చీటీ తీస్తే ఆ అదృష్టం అందరికీ పంచబడుతుంది. ఇది మా పిల్లలకు చెప్పకముందే అర్థమైంది. కుళాయి దగ్గర వంతులు వేసుకునేవాళ్ళకు వేరే ఉదాహరణ ఎందుకు?

నాలుగు రకాలు తీసుకున్నాం. బెంగళూరు సంస్థవారి అర్క అనామిక, మహారాష్ట్ర నుంచి వచ్చిన పర్భణీ క్రాంతి, అంగట్లో బాగా అమ్ముడుపోయే ఒక హైబ్రిడ్, నాలుగోది తండాలో ఒక అవ్వ చూరుకు కట్టి దాచిన పలకల బెండ. నాలుగు రకాలు, మూడు సార్లు, పన్నెండు మళ్ళు. అట్టముక్కల మీద పేర్లు రాయకుండా అంకెలు రాసినాం. అవ్వ మాత్రం మూడో ఆకు వచ్చేసరికే తన బెండను గుర్తుపట్టి నవ్వింది. ఆమె ముందు కోడ్ పనిచేయలేదు.

పట్టిక పుస్తకాల్లో ఉన్నట్టే గీసినాం. ఎన్నో రోజుకు పూత, చెట్టు ఎత్తు, కాయ పొడవు, కోతకు ఎంత తూకం, పల్లాకు తెగులు ఎన్ని చెట్లకు. రెండో వారానికి మా పట్టిక చాలదని తేలింది. చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు, వంట చేసే అక్కలు మేము గడి గీయని సంగతులే అడిగినారు. నూగు చేతికి గుచ్చుకుంటుందా? మూడు రోజులు కోయకపోతే కాయ ముదిరి పీచు అవుతుందా? ఈ ప్రశ్నకు ఏ పరిశోధన పట్టికలోనూ గడి ఉండదు, ఎందుకంటే అక్కడ రోజు మార్చి రోజు కోత తప్పదు. కూలికి పోయే ఇంట్లో కోత ఆమె ఇంటికి వచ్చిన రోజే. పత్తి ఏరే రోజుల్లో వారానికి ఒకసారి. రెండో రోజుకే పీచుపట్టే బెండ ఎన్ని క్వింటాళ్ళు కాసి ఏం చేసుకోవాలి? అట్లా ‘మూడో రోజు లేత’ అని ఒక గడి, ‘నీళ్ళు పెట్టని పది రోజులు’ అని ఒక గడి, ‘జొన్నరొట్టెలోకి’ అని ఒక గడి చేరినాయి. పిల్లలు తమంతట తాము ‘మేక’ అని ఇంకో గడి గీసినారు. కంచె కంతలో దూరిన మేక ఏ మడి ముందు తిన్నదో రాయాలంట. ఆ తీర్పు హైబ్రిడ్‌కు అనుకూలంగా వచ్చింది.

రుచి పరీక్ష వంటక్కలు నడిపినారు. నాలుగు గిన్నెలు, ఒకే నూనె, ఒకే కారం, మూతల మీద అంకెలు. పిల్లల్లో ఎక్కువమంది అవ్వ బెండకు చేయెత్తినారు. ఎందుకని అడిగితే ఒకడు ‘ఇంట్లో మాదిరి ఉంది’ అన్నాడు. అది రుచికి వేసిన ఓటా, అలవాటుకు వేసిన ఓటా? రెండింటినీ విడదీసే గడి మాకు చేతకాలేదు, రాసుకొని వదిలేసినాం.

మొదటి ఏడు తూకంలో హైబ్రిడ్ ముందుంది. ఆగస్టులో వాన ఎగ్గొట్టిన రోజుల్లో అది పూత రాల్చింది, అవ్వ బెండ ఆకు వాల్చి మళ్ళీ లేచింది. మూడో రోజు లేతదనంలోనూ అదే నిలిచింది. అయితే రెండో ఏడు తెల్లదోమ ఎక్కువైంది. అవ్వ బెండలో సగానికి పైగా చెట్లు పసుపు పచ్చ ఈనెలతో నిలబడినాయి. అర్క అనామిక మళ్ళలో రెండు మూడు చెట్లకే ఆ తెగులు. మనది కాబట్టి మంచిదని రాసే వీలు పట్టిక ఇవ్వదు. పాత విత్తనమంతా బంగారమని సభల్లో మాట్లాడేవాళ్ళు ఒక ఏడు పల్లాకు తెగులు చూడాలని మా కోరిక.

ఇక్కడ ఇంకో సంగతి తెలిసి మేమే ఆశ్చర్యపోయినాం. ఒకప్పుడు దేశమంతా పూసా సవాని అనే బెండ వేసేవాళ్ళు. పల్లాకు తెగులును తట్టుకుంటుందని వచ్చి, తర్వాత ఆ తెగులుకే లొంగిపోయింది. అప్పుడు శాస్త్రవేత్తలు అడవి బెండ జాతుల దగ్గరికి పోయినారు. అర్క అనామికకూ పర్భణీ క్రాంతికీ ఆ తట్టుకునే గుణం అట్లా అడవి బెండలతో కలిపితే వచ్చిందే. ఎవరూ నాటని, ఎవరూ తూకం వేయని, ఏ పోటీలోనూ చివరి మార్కులే వచ్చే నూగు కాయల మొక్క ఇంటి బెండను కాపాడింది. ఈ పాఠం చెప్పినప్పుడు బడిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా పిల్లలను కూడా పై ఊళ్ళలో అట్లాంటి పట్టికలతోనే కొలుస్తారు మరి.

రాయలసీమలో పరిశోధన కేంద్రాలకు కొదవ లేదు. నంద్యాల కేంద్రానికి వందేళ్ళు దాటింది. మహానందిలో ఉద్యాన కేంద్రం ఉంది, కానీ మహానంది అంటేనే ఏడాది పొడవునా ఊట పారే చోటు, చుట్టూ అరటి తోటలు. అక్కడ నెగ్గిన మొక్క మా గరుసులో నెగ్గుతుందో లేదో గరుసులోనే చూడాలి. పాత కడప జిల్లాలో రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట కేంద్రం ఉంది. అక్కడ నీలంనూ హిమాయుద్దీన్‌నూ కలిపి నీలుద్దీన్ అనే మామిడి చేసినారు, చిన్న స్వర్ణరేఖనూ జహంగీర్‌నూ కలిపి స్వర్ణజహంగీర్ చేసినారు. మామిడికి పరీక్ష అంటే బెండ మాదిరి ఒక కారు పని కాదు, ఒక ఉద్యోగి సర్వీసంతా పడుతుంది. అంత చేసినా బయట తోటల్లో కనబడేది ఎక్కువగా బంగినపల్లీ, తోతాపురీ. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బంగినపల్లి ఏ కేంద్రంలోనూ పుట్టలేదు. ఎవరో తిన్నారు, బాగుందన్నారు, అంటు కట్టినారు. అది కూడా ఒక పరీక్షే, పట్టిక ఒక్కటే లేదు.

తినేవాళ్ళనూ పండించేవాళ్ళనూ తీర్పు అడిగితే ఏమవుతుందో పక్క జిల్లా అనంతపురంలో చూసినారు. 1940 నాటి టి.ఎం.వి.-2 వేరుశనగ వదలని రైతుల దగ్గరికి 2000 తర్వాత ఇక్రిశాట్ వాళ్ళు కొన్ని కొత్త రకాలు తెచ్చి వాళ్ళ చేలల్లోనే వేయించినారు. రైతులు ఎంచుకున్న ఐ.సి.జి.వి. 91114 తర్వాత రాష్ట్రంలో విడుదలైంది. లండను దగ్గర విస్లీ తోటలో 1922 నుంచి తోట మొక్కలకు ఒక గుర్తింపు ఇస్తున్నారు. దాని కొలతల్లో మామూలు తోటలో బాగా రావాలి, అంగట్లో దొరకాలి, తెగులుకు తొందరగా లొంగకూడదు అని ఉంటాయి. పూలతోటల దొరలు కూడా మా ఆడవాళ్ళు అడిగినవాటికి దగ్గరి ప్రశ్నలే అడుగుతున్నారని మాకు నవ్వొచ్చింది.

మన దేశంలో 2001 చట్టం ప్రకారం రైతు తన రకాన్ని తన పేరున నమోదు చేసుకోవచ్చు, రైతుకు రుసుము లేదు. ప్రత్యేకత, ఏకరూపత, స్థిరత్వం చూస్తారు. రైతు రకానికి ఏకరూపతలో కొంత సడలింపు ఉంది, తేడా మొక్కలు మామూలు హద్దుకు రెట్టింపు దాకా ఒప్పుకుంటారు. అవ్వ బెండకు అది దక్కుతుందా అని పెద్ద తరగతి పిల్లలు లెక్క వేస్తున్నారు. మళ్ళలో పలకలు ఐదున్న కాయలూ ఏడున్న కాయలూ కలిసి వస్తున్నాయి. ముందు తెగులు తగలని చెట్లకు ఎర్రగుడ్డ కట్టి, వాటి గింజే దాచమని అవ్వకు చెప్పినాం. ఆమె ‘ఆ మాట నాకు చెబుతున్నారా’ అన్నట్టు చూసింది.

మా పుస్తకంలో ఒక లోటు మాత్రం పూడలేదు. రెండు ఏళ్ళలోనూ చివరి కోతల లెక్కలు సగం ఖాళీ. అవి రాసే పిల్లలు అమ్మానాన్నలతో సుగ్గికి పోయినారు, గుంటూరు మిరప చేలకు. తిరిగొచ్చేసరికి చెట్లు ఎండి ఉంటాయి. సీజనల్ హాస్టలు పెట్టిన ఏడు ఇద్దరు ఆగినారు, వాళ్ళు రాసిన వరుసలే నిండుగా ఉన్నాయి. అందుకని ఈసారి పట్టికలో ‘దీపావళి లోపల ఎంత కాసింది’ అని కొత్త గడి గీసినాం. ఇల్లు కదలకముందే కాసిన కాయే ఆ ఇంటి కాయ. జూన్‌లో ఐదో రకం కూడా చేరుతుంది. దేవనకొండ సంతలో ఒకామె పిడికెడు తెల్లబెండ గింజలు ఇచ్చింది. తడిబట్టలో వంద గింజలు చుట్టి చూసినాం, డెబ్భై ఒకటి మొలిచినాయి.