అలల లెక్క

గంజాం జిల్లా గోపాలపురమున సముద్రపుటొడ్డున పుట్టి పెరిగిన అన్నదమ్ములము మేమిరువురము. అలలను గూర్చి మాకు తెలియనిది లేదని తలచెడివారము. తరగతిలో సగటు లెక్కలు నేర్చిన పిమ్మట, వానిని అలలపైననే ప్రయోగించి చూడవలెనని మాకు కోరిక కలిగినది.

మాఘమాసమున సముద్రము నెమ్మదిగా నున్న యొక యుదయమున, అంగుళముల గీతలు గీసిన వెదురుగడను రొమ్ములోతు నీటిలో పాతించి, ఒకరము చెప్పుచుండగా ఒకరము వ్రాయుచు, వరుసగా 90 అలలను కొలిచితిమి. సగటు ఎత్తు 12 అంగుళములని తేలినది. సంతోషముతో పోయి మా మామయ్యకు చెప్పితిమి. ఆయన వల బాగుచేసికొనుచు, "సగటు అల ఎవర్నీ ముంచదురా! మా తెప్పని తిరగేసింది ఒక్క అలే" అనెను. ఆ దినమున ఆయనతో వేటకు పోయిన మా పెదనాన్న తిరిగి రాలేదు. మేము తలలు వంచుకొంటిమి.

ఈ మాట మా లెక్కల మాస్టారికి విన్నవించగా, వారు సముద్రశాస్త్రజ్ఞుల పద్ధతిని బోధించిరి. కొలిచిన అలలలో పెద్దవగు మూడవవంతును వేరుచేసి, వాని సగటును తీయుదురు. దానినే అలల 'గణనీయమైన ఎత్తు' అందురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యములను తీరమున దింపుటకై అలలను ముందుగా అంచనా వేసిన స్వెర్‌డ్రుప్, వాల్టర్ మంక్ అనువారు ఈ కొలతను వాడుకలోనికి తెచ్చిరి. మా 30 పెద్ద అలల సగటు 19 అంగుళములు. అన్నిటికన్న పెద్దది 28.

1952లో లాంగ్వెట్-హిగ్గిన్స్ అను శాస్త్రజ్ఞుడు చూపిన గణితము ననుసరించి, లోతైన సముద్రమున సుమారు 3000 అలలకు ఒకటి ఈ గణనీయమైన ఎత్తునకు రెట్టింపును మించును. 8 సెకండ్లకొక అల చొప్పున, 3000 అలలు వచ్చుటకు 7 గంటలైనను పట్టదు. అనగా ఒక్కనాటి వేటలోనే అట్టి అల ఎదురుకావచ్చును! 1995 జనవరి 1వ తేదీన ఉత్తరసముద్రమున డ్రాప్నర్ అను కట్టడము వద్ద గణనీయమైన ఎత్తు 12 మీటర్లుండగా, 25.6 మీటర్ల అల యొకటి నమోదయినది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రము జాలరుల కొరకు ప్రకటించు సూచనలలోను ఈ గణనీయమైన ఎత్తే యుండును. ఇప్పుడు మేము దానిని మామయ్యకు చదివి వినిపించునపుడు, "2 మీటర్లన్నారు, మామయ్యా, 4 మీటర్ల అల కూడా రావచ్చు" అని చేర్చుచున్నాము. ఆయన కొంతసేపు సముద్రము వంక చూచి, ఒక్కొక్కనాడు వలను మరల ఇంటికి మోసికొని వచ్చును. ఆ దినమున మా ఇంట కూరలేకున్నను, మాకు అన్నము రుచించును.