అడిగితేనే చెప్పే కమాండ్



మేం నలుగురం ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ ఒరాకిల్ ఫార్మ్స్ నేర్చుకున్నాం. హాస్టల్ పిల్లల స్కాలర్‌షిప్ జాబితాకి ఒక ఫారం చేశాం. ఏటా పాత జాబితాని ఆ సంవత్సరం పేరుతో కొత్త టేబుల్‌లోకి కాపీ చేసి, అసలు టేబుల్ ఖాళీ చేయాలి. ట్రిగ్గర్‌లో క్రియేట్ టేబుల్ అని నేరుగా రాస్తే కంపైల్ కాదు. పైగా టేబుల్ పేరు ఏటా మారుతుంది. అందుకే కమాండ్‌ని స్ట్రింగ్‌గా కూర్చి ఫార్మ్స్_డీడీఎల్‌కి ఇచ్చాం.

బటన్ నొక్కాం. ఎర్రర్ రాలేదు. సంబరపడ్డాం. తీరా చూస్తే కొత్త టేబుల్ లేదు, పాత జాబితా కూడా లేదు!

టేబుల్ పేరుని అంకెతో మొదలుపెట్టాం. ఒరాకిల్ దానికి ఒప్పుకోదు. కాపీ ఫెయిలైంది. కానీ ఫార్మ్స్_డీడీఎల్ ఫెయిలైనా ప్రోగ్రాం ఆగదు. కింద ఉన్న డిలీట్, కమిట్ నడిచిపోయాయి. దరఖాస్తు కాగితాలు దాచి ఉంచాం కాబట్టి రెండు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాం. లేకుంటే మన పిల్లల డబ్బులు ఆగిపోయేవి.

ఆ కమాండ్ నడిపిన ప్రతిసారీ వెంటనే ఫార్మ్_సక్సెస్ చూడాలి. కాలేదంటే డీబీఎంఎస్_ఎర్రర్_టెక్స్ట్ చూపించి అక్కడే ఆపేయాలి. ఇంకోటి, క్రియేట్ లాంటివి నడిస్తే కమిట్ దానంతటదే అయిపోతుంది. ఫారంలో సేవ్ చేయనివి ఉంటే ముందే సేవ్ చేసుకోండి.

క్లాసులో ఇది అర్థం కాలేదు. నవ్వుతారేమోనని మేం అడగలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. మీరు మాత్రం అడగండి.