యూజు లేదు

నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు తెలుగు నేర్పి పదవీ విరమణ చేశారు. ఆ తరువాతి సంవత్సరాలలో, ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఇక నా వల్ల ఎవరికి ఏం యూజురా?" అన్నారు.

నేను కళాశాలలో ఆంగ్లం చెప్పేవాణ్ణి. "అది 'యూజ్' కాదు నాన్నగారూ, 'యూస్'. నామవాచకం కదా!" అన్నాను.

నేను చెప్పినది తప్పు కాదు. ఆంగ్లంలో ఈ మాటకు నామరూపం 'యూస్', క్రియారూపం 'యూజ్'. వ్రాతలో రెండూ ఒకటే. భేదమంతా చివరి ధ్వనిలో ఉంది. ఆ రెండో ధ్వనికి మన లిపిలో అక్షరం లేక జకారంతో సరిపెట్టుకుంటున్నాం. ఫ్రెంచి నుండి వచ్చిన ఈ మాటలో నామం సకారంతో ముగిసేది. క్రియలో ఆ సకారం తరువాత మరొక అచ్చు ఉండేది. రెండు అచ్చుల నడుమ పడ్డ సకారం నాదాన్ని పొందింది. కాలక్రమాన ఆ చివరి అచ్చు రాలిపోయినా నాదం మాత్రం మిగిలింది. ఇల్లు అనే 'హౌస్', ఆశ్రయమిచ్చు అనే 'హౌజ్' కూడా ఇటువంటి జంటే. తెలుగువాళ్లం మాత్రం 'యూజు లేదు', 'ఏం యూజు?' అంటూ నామాన్ని కూడా క్రియలాగే పలుకుతాం.

ఇదంతా నాన్నగారికి వివరించాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "అయితే మన ఆట, పాట వంటిదేనన్నమాట. ఆడు, పాడు అన్నప్పుడు సరళం. ఆట, పాట అన్నప్పుడు పరుషం. ఓడు, ఓటమి కూడా అంతే" అన్నారు.

ఎన్నేళ్లుగానో ఆ పాఠం చెబుతున్నా నాకు తట్టని పోలిక అది. మరునాడు తరగతిలో అదే చెప్పాను. వారం రోజులుగా తడబడుతున్న పిల్లలు ఒక్క నిమిషంలో అందుకున్నారు. ఆ సంగతి ఇంటికి వచ్చి ఆయనకు చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. ఆయన అడిగినది ఉచ్చారణ గురించి కాదన్న స్పృహ కూడా నాకు అప్పుడు కలగలేదు.

ఈ మాటకు మరొక రూపం ఉంది. గతంలోని అలవాటును చెప్పే 'యూస్ట్ టు'. అది క్రియే అయినా, పక్కనున్న టకారం వల్ల అందులో మళ్లీ సకారమే పలుకుతుంది. తెలుగులో దానికి విడిగా మాట అక్కరలేదు. 'చెప్పేవారు', 'నవ్వేవారు' అంటే చాలు. నాన్నగారి గురించి నేను పలికే వాక్యాలన్నీ ఇప్పుడు ఆ రూపంలోనే ముగుస్తున్నాయి.

ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు ఆట, పాట ఉదాహరణలే చెబుతాను. "మా నాన్నగారు చెప్పినది" అని కూడా అంటాను. పిల్లలు వ్రాసుకుంటారు. ఆనాడు ఆయన ప్రశ్నకు నేను ఇవ్వవలసిన సమాధానం అదే.