పదిహేడు అంగుళాల చక్రం

కారు చక్రాన్ని గూర్చి కళాశాల సంచికలో వ్రాయడమేమిటని సంపాదకవర్గం వారు సంశయించవచ్చును. గణితంలో నాకు వచ్చిన మార్కులు ఎరిగిన సహాధ్యాయులు మరింత ఆశ్చర్యపడవచ్చును. ఆ గణితమే ఒకసారి నన్ను తలవంచుకొనేటట్లు చేసినది గనుక వ్రాస్తున్నాను.

2022 వేసవిలో షార్జాలోని మా మామూ ఇంట రెండు మాసాలున్నాను. ఆయనది టైర్ల దుకాణం. పగలంతా అక్కడే కూర్చొని లెక్కలు చూచేవాడిని.

ఒకనాడు ఆయన పాత ఖాతాదారుని కుమారుడు వచ్చినాడు. అతనిది మాజ్దా వారు 1989లో వెలువరించిన ఎం.ఎక్స్.-5, ఇద్దరు మాత్రమే కూర్చొనగల, పైకప్పు మడిచివేయగల చిన్న బండి. దానికి పుట్టుకతో వచ్చినవి 14 అంగుళాల చక్రాలు, 185/60 టైర్లు. అతడు మాత్రం 17 అంగుళాల అల్లాయ్ రిమ్ములు ఎక్కడో కొని తెచ్చుకొన్నాడు. వాటికి సరిపడు టైర్లు మేము చెప్పవలెను. మామూ విమానాశ్రయానికి వెళ్లినారు. పెద్దరికం నా మీద పడినది. నిజం చెప్పవలెనంటే, నేనే మీద వేసుకొన్నాను.

185 అనగా మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 60 అనగా ఆ వెడల్పులో నూటికి అరవై వంతులు ప్రక్కగోడ ఎత్తు, అంటే 111. రెండు ప్రక్కలూ, నడుమ రిమ్మూ కలిపితే మొత్తం 578 మిల్లీమీటర్లు. 215/40 వేస్తే 604 అవుతున్నది, కాదన్నాను. 205/40 వేస్తే 596. మీటరు 100 చూపినపుడు బండి 103 పోతుంది, అంతే కదా అనుకొన్నాను. బోల్టులు నాలుగూ సరిపోయినవి. స్టీరింగును ఇటూ అటూ పూర్తిగా త్రిప్పి చూచినాము, ఎక్కడా తగులలేదు. ఆ యువకుని ముఖం వెలిగిపోయినది. నా ముఖమూ అంతే.

మూడవనాడు బండి తిరిగి వచ్చినది. వెనుక టైర్లు రెండింటినీ ఫెండరు అంచు కత్తివలె కోసివేసినది. నిలిచియున్న బండిలో తగులనిది, ఇద్దరు కూర్చొని వేగనిరోధకం దాటేసరికి తగిలినది.

మామూ నన్ను కోపగించలేదు. కోపగించి ఉంటే బాగుండేది. సుద్దముక్క తీసికొని నేలమీద గీసి చూపినారు. పాత రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, క్రొత్తది 7.5. పెరిగిన రెండంగుళాలలో సగం, అనగా 25 మిల్లీమీటర్లు, బయటికి వచ్చును. అదిగాక, రిమ్ము మధ్యరేఖకూ అది హబ్బుకు ఆనుకొనే తలానికీ నడుమ దూరం, దుకాణాలలో ఆఫ్‌సెట్ అనేది, 45 నుండి 35కు తగ్గినది. అది మరి పది. మొత్తం 35 మిల్లీమీటర్లు చక్రం బయటికి జరిగినది.

"ఎత్తు లెక్క కట్టినావు బేటా, చక్రం ఎటు పోయిందో చూడలేదు," అన్నారు.

ఆ రిమ్ములు విప్పించి, 15 అంగుళాల రిమ్ములకు 195/50 టైర్లు బిగించినారు. ఎత్తు 576, పాతదానికి రెండు మిల్లీమీటర్లే తక్కువ. ఈసారి వెనుక ఇద్దరు పనివాండ్రను ఎక్కించి, కుదిపించి, ఫెండరు లోపల చేయిపెట్టి తడిమి చూచినారు. యువకుడు మాత్రం చక్రాలు చిన్నవిగా ఉన్నవని చిన్నబుచ్చుకొనే వెళ్లినాడు.

తెగిన టైర్ల వెల మామూయే భరించినారు. డిగ్రీలో చేరగానే నాకు కొనిపెడతానన్న లాప్‌టాప్ మాట ఆ తరువాత ఆయన ఎత్తలేదు, నేనూ అడుగలేదు.